తాళంచెవి అవతలి గట్టున

వంతెన తెరిచిన రోజున జీవరత్నం మైకు ముందు నిలబడి అబద్ధం చెప్పాడు. "ఈ వంతెన లేని పదేండ్లూ మన కమిటీ పడవ నడిపింది. దేవుని దయవల్ల ఒక్క ప్రాణం గూడా పోలేదు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను ముందు వరసలోనే ఉన్నాను. నా మెడలో కూడా వాళ్లు వేసిన బంతిపూల దండ ఉంది. లేచి కాదు అనాల్సినవాణ్ణి నేనే, ఎందుకంటే ఆ కమిటీకి కార్యదర్శిని నేను. నేను లేవలేదు. అనగలిగిన ఒకే ఒక్క మనిషి సైదా సాహెబ్. ఆయన అంతకు ముందు ఏడాదే కన్నుమూశాడు. ఉండి ఉంటే ఆ మైకు తీగ పీకి జీవరత్నం చేతిలో పెట్టేవాడు. ఇంటికొచ్చి దండ తీసి మేక ముందు పడేశాను. మేక తినేసి పడుకుంది. నాకు మాత్రం ఈ రెండేళ్లుగా కోపం దిగలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

సైదా సాహెబ్ పుట్టింది ఆళ్లగడ్డలో, దూదేకులవాళ్ల ఇంట్లో. తండ్రి పత్తి ఏకేవాడు. ఈయనకు ఆ దుమ్ము పడక లారీ షెడ్లలో చేరి బ్యాటరీ పని నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక నంద్యాలకు వచ్చి బస్టాండు దగ్గర రేకుల కొట్టు పెట్టాడు. కొట్టుకు బోర్డు లేదు. ఆసిడ్ చుక్కలు పడి ఆయన లుంగీలన్నీ జల్లెడలై ఉండేవి. భార్య త్వరగా పోయింది. ఉన్నది ఒక్క కూతురు, మైమూనా.

ఆయనకు కోపం ఎక్కువని నంద్యాలంతా అనేది. ఎక్కువే. కానీ ఆ కోపం మనుషుల మీద కాదు, పని చెడగొట్టే చేతుల మీద. ఒకసారి నేను చూస్తుండగానే గోస్పాడు రైతు ఒకాయన ట్రాక్టరు బ్యాటరీ తెచ్చాడు. సైదా సాహెబ్ మూత విప్పి వాసన చూసి, "బావి నీళ్లు పోసినావా?" అన్నాడు. రైతు అవునన్నాడు. "ఇది బ్యాటరీయా, కుడితి తొట్టా? రేపు తవుడు గూడా కలుపు" అని ఆ డబ్బాను రోడ్డు మీదికి నెట్టేశాడు. గంట తర్వాత తానే వెళ్లి లోపలికి తెచ్చుకుని, రైతు తిరిగొచ్చేసరికి సెల్లులన్నీ కడిగి ఆరబెట్టాడు. తిట్టడం, పని చేయడం ఆయనకు రెండూ ఒకటే.

మైమూనాను మా ఏటి అవతల రాళ్లదిన్నెలో ఇచ్చాడు. అల్లుడు పీరా మైకు సెట్టు నడిపేవాడు. రెండు హారన్లు, ఒక పెట్టె, రికార్డులు. ఆ రోజుల్లో మా పల్లెల్లో కరెంటు లేదు. పెళ్లయినా, సువార్త కూటమైనా, ఉరుసైనా మైకు పలికేది బ్యాటరీ మీదే. పీరా వారం వారం చార్జింగుకని కొట్టుకు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా బ్యాటరీని చివరి బొట్టుదాకా పీల్చి తెచ్చేవాడు. "కొంచెం మిగిల్చి ఆపాలప్పా, మొత్తం తాగితే రేకులు సచ్చిపోతాయి" అని సైదా సాహెబ్ తిట్టేవాడు. పీరా నవ్వి ఊరుకునేవాడు. మంచి పిల్లవాడని పిల్లనిచ్చాడు. మంచివాడే, కాదనను.

మా ఊరు కుందూకు ఇవతలి గట్టున ఉంది. నంద్యాల బస్సు, మిషన్ ఆస్పత్రి గది, నేను పనిచేసే బడి, అన్నీ ఇటే. అవతల రాళ్లదిన్నె, ఇంకో రెండు చిన్న ఊళ్లు. వేసవిలో ఇసుకలో నడిచి రావచ్చు. వాన పడితే ఇటు ఏరు, అటు మోకాలి లోతు నల్లరేగడి బురద. డెబ్బై అయిదులో మైమూనాకు తొలి కాన్పు. తొమ్మిదో నెలలో పుట్టింటికి తీసుకుపోదామని సైదా సాహెబ్ వచ్చేసరికి ఏరు పొంగింది. ఎనిమిది రోజులు ఇవతలి గట్టున, మా బడి వసారాలో పడుకున్నాడు. తొమ్మిదో రోజు నీళ్లు తగ్గి అవతలికి పోతే, పుట్టిన ఆడపిల్లను అప్పటికే మట్టిలో పెట్టారు.

ఆ సంగతి చూశాకే నేను ఉత్తరాలు రాశాను. మిషన్ వాళ్లు మరుసటి ఏడు ఒక పాత పడవ ఇచ్చారు. మా సంఘ పెద్ద జీవరత్నం తిరిగి తిరిగి, ఆళ్లగడ్డ షెడ్డులో పాత కారు ఇంజన్ సంపాదించి దానికి బిగించాడు. కమిటీ పెట్టాం. జీవరత్నం అధ్యక్షుడు, నేను కార్యదర్శి. నా భార్య లూదియా మిషన్ నర్సు, పడవ ముఖ్యంగా ఆమె కోసమే. జీవరత్నం చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

బ్యాటరీ కొనడానికి నేనూ ఆయనా నంద్యాల వెళ్లాం.

"సాయిబూ, పడవకు బ్యాటరీ గావాల. ఉండేదాంట్లో పెద్దది ఇయ్యి" అన్నాడు జీవరత్నం.

సైదా సాహెబ్ తలెత్తలేదు. "పెద్దదంటే? మోయనీకా, వాడుకోనీకా?"

"లారీకి ఏసేది. పెద్దదైతే గట్టిగుంటాది గదా."

"అన్నా, నువ్వు బ్యాటరీ కొననీకొచ్చినావా, దున్నపోతును కొననీకొచ్చినావా?"

కుందూ మీద, రాళ్లదిన్నెకు నడిపే పడవ అని నేను చెప్పాను. ఆయన చేతిలోని పటకారు కింద పెట్టాడు. లోపలికి పోయి రెండు పీటలు తెచ్చి వేశాడు. ఆ కొట్టులో గిరాకీకి పీట వేయడం నేనెప్పుడూ చూడలేదు. ఇక పోలీసువాడిలా అడగడం మొదలుపెట్టాడు.

"ఇంజన్ యాడ పెట్టినారు? చెయ్యి తిప్పి లేపనీకి సందుండాదా?"

"లేదు. ముందర చెక్క అడ్డమొస్తాది" అన్నాను.

"ఎవుడప్పా బిగించినాడు దాన్ని? అంటే బ్యాటరీ లేకుంటే ఇంజన్ లేవదు. అంతేనా? దీపాలెన్ని?"

"ముందర పెద్దదొకటి, లోపల చిన్నదొకటి."

"వాన లేనప్పుడు పడవ ఎన్నాళ్లు పండుకుంటాది?"

"ఏడెనిమిది నెలలు" అన్నాడు జీవరత్నం.

"సచ్చిపోతాది. పని లేకుండా పండుకున్న బ్యాటరీ రేకులకు తెల్లగా పొక్కు కడతాది. వాడితే కాదు, వాడకుంటే సచ్చేది ఇదొక్కటే."

లేచి రెండు రకాల రేకులు తెచ్చి మా ముందు పరిచాడు. ఒకటి సన్నం, ఒకటి మందం. "సూడండి సార్. సన్న రేకులది వస్తాదు మాదిరి. ఒక్క ఊపుతో బండరాయి ఎత్తుతాది, ఎత్తి కూసుంటాది. ఇంజన్‌ను లేపనీకి అదే గావాల. మందం రేకులది ఎద్దు. ఊపు లేదు, మెల్లగా పొద్దంతా దున్నుతాది. దీపాలకు అది. వస్తాదును తెచ్చి పొద్దంతా మడక దున్నిస్తే నడుము ఇరుగుతాది."

"రెండెందుకు సాయిబూ? ఒక్కటి పెద్దది పెడితే రెండు పనులూ చెయ్యదా?" అన్నాడు జీవరత్నం.

"దీపాలేసుకొని నడి ఏట్లో కూసున్నావనుకో. దీపాలకే అయిపోయింది. ఇంజన్ ఆగింది. అప్పుడేం చేస్తావ్, ఆ దీపం ఎలుతుర్లో నీళ్లలో మొగం సూసుకుంటావా?"

చివరికి రెండే తీసుకున్నాం. సన్న రేకులది కంపెనీది. రెండోది మందం రేకులతో ఆయనే స్వయంగా చేసి ఇచ్చాడు. తానే పడవ దగ్గరికి వచ్చి, తారు పూసిన చెక్కపెట్టెలో రెండూ కదలకుండా తోలు పట్టీలతో కట్టాడు. ఇంజన్ బ్యాటరీకి నాలుగు పక్కలా ఎర్రరంగు పూశాడు.

"ఎర్రది ఇంజన్‌ది. నల్లది దీపాలది" అన్నాడు.

జీవరత్నం నసిగాడు. "ఊళ్లో పెండ్లిండ్లకూ దానికీ మైకుకు అడుగుతారు గదా..."

ఆ మాటకు అర్థం మా పక్క పుట్టినవాళ్లకే తెలుస్తుంది. మా పల్లెల్లో నిప్పు, మజ్జిగ, బ్యాటరీ, ఈ మూడూ అడిగినవాళ్లకు లేదనకూడదు. ట్రాక్టరు ఎవరిదైనా దాని బ్యాటరీ ఊరిది. పెళ్లివారు ముహూర్తం పెట్టుకునే ముందు బ్యాటరీ ఎవరింట్లో ఉందో కనుక్కునేవాళ్లు. ఇవ్వనివాడి ఇంటికి ఎవరూ పేరంటానికి పోరు.

సైదా సాహెబ్‌కూ ఆ ఆచారం తెలుసు. "నల్లది ఇచ్చుకో. అది ఎద్దు, ఓర్చుకుంటాది. ఎర్రదాన్ని మాత్రం నేను సచ్చి, నా జనాజాకు గావాలన్నా తియ్యొద్దు. మాటియ్యి సార్" అన్నాడు. పెట్టెకు తాళం వేసి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను మాటిచ్చాను.

మూడేళ్లు ఆ పడవ బాగా నడిచింది. అవతలి గట్టున ఒక వెదురు గడ నాటారు. కాన్పయితే ఎర్రచీర, పాముకాటయితే తెల్లగుడ్డ ఎగరేసేవాళ్లు. గుడ్డ కనబడగానే పడవ నడిపే ఇమ్మానుయేలు ఇంజన్ లేపేవాడు, లూదియా సంచీతో ఎక్కేది. మూడు వానాకాలాల్లో పదకొండు కాన్పులు చేసింది. నెలకొకసారి సైదా సాహెబ్ బస్సు దిగి వచ్చి బ్యాటరీలు చూసి, నన్నూ ఇమ్మానుయేలునూ తిట్టి, కూతురిని చూసి పోయేవాడు. ఎండాకాలంలో పడవ ఇసుక మీద ఉన్నా వారానికొకసారి ఒక నిమిషం ఇంజన్ లేపించేవాడు. జనం నవ్వుకునేవాళ్లు. ఇసుకలో పడవ తోలే సాయిబు అనేవాళ్లు. నేనూ నవ్వాను.

డెబ్బై తొమ్మిదిలో మైమూనా మళ్లీ కడుపుతో ఉంది. సైదా సాహెబ్ ఏడో నెలలోనే వచ్చి నంద్యాలకు పంపమని అడిగాడు. పీరా తల్లి బీజాన్ ఒప్పుకోలేదు.

"తొలి కాన్పు మీ వంతు. అది పోయింది. ఇది మాది. నా ఇంట్లో, నా కండ్ల ముందర కావాల" అంది.

వియ్యపురాలితో వాదించి ఓడిపోయి, మొహం కందగడ్డలా చేసుకుని పడవ దగ్గరికి వచ్చాడు. పెట్టె తెరిపించి, గాజు గొట్టంతో ఎర్రదాంట్లో ఆసిడ్ బలం చూశాడు. మూతలు బిగించి దానిమీద చెయ్యి పెట్టి నాతో అన్నాడు, "బీజాన్ మీద నాకు నమ్మకం లేదు సార్. పైనున్నోడి మీద ఉండాది గానీ ఆయనకు శానా పనులుంటాయి. దీనిమీద ఉండాది నాకు."

నా మీద ఉందని అనలేదు. కానీ తాళంచెవి నా జేబులో ఉందని ఆయనకు తెలుసు.

ఆ ఏడు వానలు లేవు. వరసగా రెండో కరువు. జొన్న మొలిచి మాడిపోయింది. శిరివెళ్ల సంతకు పోయి జనం ఎద్దులను ఎంతకైనా అమ్ముకుని వచ్చారు. ఊళ్లో ఉన్న ఒక్క ట్రాక్టరునూ అప్పులవాళ్లు తోలుకుపోయారు. కుందూలో నీళ్లు లేవు, చెలమలు తీసుకుని తాగుతున్నాం. శ్రావణంలో జీవరత్నం మూడు రోజుల వాన ప్రార్థనలు పెట్టాడు. మొదట మా సంఘమే అనుకున్నాం. రెండో రోజుకు ఊరంతా వచ్చింది. మూడో రోజు శుక్రవారం, అవతలి ఊళ్ల నుంచి సాయిబులు కూడా వచ్చి మా పక్కనే చాపలు పరుచుకున్నారు. అలాంటి రోజును నేను మళ్లీ చూడలేదు. మైకు పీరాది. నల్ల బ్యాటరీ రెండు రోజులు లాగి పడిపోయింది.

శుక్రవారం పొద్దున జీవరత్నం, పీరా మా ఇంటికి వచ్చారు.

"ఎర్రది ఇయ్యి సార్" అన్నాడు జీవరత్నం.

లోపలి నుంచి లూదియా వచ్చింది. "వద్దు. సాహెబ్‌కు మాటిచ్చినారు మీరు" అంది నాతో.

"నర్సమ్మా, నాలుగు నెలల్నుంచి ఏట్లో చుక్క లేదు. పడవ ఇసుకలో ఉండాది. వాన పడితే గదా పడవ? ఆ వాన పడనీకే గదా బ్యాటరీ? అంతమంది అరుస్తాంటే పైకి ఇనబడొద్దా?"

"దేవుడికి మైకు గావాల్నా?" అంది లూదియా.

"దేవునికి కాదు, వెనక కూసున్నోళ్లకు."

పీరా నావైపు చూశాడు. "మూడు గంటలే సార్. సాయంత్రానికి తెచ్చి పెడతా. రేపు పొద్దున బస్సుకు నేనే తీస్కపోయి చార్జింగు పెట్టిస్తా. మామకు తెలీకుండా సూసుకుంటా."

"మైమూనాకు ఎన్ని రోజులుందప్పా?" అని అడిగింది లూదియా.

"ఇంకా పదైదు దినాలుండాది అంటాది మాయమ్మ."

నేను తాళంచెవి తీసి ఇచ్చాను. ఎందుకిచ్చానంటే, ఇవ్వకపోతే ఊరు నన్ను ఏమంటుందోనని. వాన పడకపోతే ఆ సారు బ్యాటరీ ఇవ్వనందుకే పడలేదంటారని. ఎం.ఏ. చదివినవాణ్ణి, పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి. వస్తాదూ ఎద్దూ కథ నాలుగో తరగతి పిల్లలకు పాఠంలా చెప్పినవాణ్ణి. అయినా ఇచ్చాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడు గంటలు కాదు, ఏడు గంటలు మోగించారు. పీరాకు మిగిల్చి ఆపడం ఎప్పుడు చేతనయింది గనక? సాయంత్రానికి హారన్లు గొణిగి గొణిగి ఆగిపోయాయి. అప్పుడు బనగానపల్లె దిక్కున మబ్బు లేచింది. చెప్తే నమ్మరు, చాపలు ఎత్తే లోపలే పడింది. జీవరత్నం నేల మీద పడి ఏడ్చాడు. సాయిబులు, మావాళ్లు, రెడ్లు, అందరూ తడుస్తూ ఒకరినొకరు పట్టుకున్నారు. నేనూ తడిశాను. తాళంచెవి ఇచ్చి మంచి పని చేశానని గర్వపడ్డాను కూడా. పీరా తడవకుండా గోనెసంచి కప్పి ఎర్ర బ్యాటరీ తెచ్చి పెట్టెలో పెట్టి, పట్టీలు కట్టి, తాళం వేశాడు. శవానికి స్నానం చేయించి పడుకోబెట్టినట్టు.

తెల్లవారేసరికి కుందూ గట్టు దాకా వచ్చింది. ఎర్రటి నీళ్లు, తుమ్మచెట్లు కొట్టుకుపోతున్నాయి. ఇమ్మానుయేలు పడవను తాళ్లతో కట్టేశాడు. ఎనిమిది గంటలకు అవతల వెదురు మీద ఎర్రచీర లేచింది.

లూదియా సంచీ తీసుకుని పడవలో కూర్చుంది. ఇమ్మానుయేలు ఇంజన్ తాళం తిప్పాడు. టక్ అని ఒక్క చప్పుడు. మళ్లీ తిప్పాడు. ఆ చప్పుడు కూడా లేదు. పొద్దున బస్సుకు పోవాలని రాత్రి ఇటే ఆగిపోయిన పీరా పరుగెత్తుకొచ్చాడు. రాళ్లదిన్నెలో నెలలు నిండినవాళ్లు ఇద్దరు. ఎవరికోసం చీర లేచిందో అతనికి తెలియదు, మాకూ తెలియదు. అవతలి గట్టున ఒకతను చేతులు అడ్డం పెట్టుకుని అరుస్తున్నాడు. ఏటి హోరులో ఒక్క మాట వినబడలేదు. మైకు సెట్టు మా ఇంటి ముందర చూరు కింద ఉంది. దానికీ ప్రాణం లేదు.

తెడ్లతో పోదామన్నాడు పీరా. ఆ నీళ్లలో తెడ్డు వేస్తే రెండు మైళ్ల కింద తేలతామన్నాడు ఇమ్మానుయేలు. పుట్టి నడిపేవాణ్ణి పిలిస్తే, ఏటివైపు చూసి ఇంట్లోకి పోయాడు. లూదియా మాత్రం పడవ దిగలేదు. సంచీ ఒళ్లో పెట్టుకుని నావైపు చూడకుండా కూర్చుంది.

పదిన్నరకు సైదా సాహెబ్ వచ్చాడు. వాన చూసి ఆగలేక మొదటి బస్సు ఎక్కాడట. ఊరి బయట వంక పొంగి బస్సు ఆగిపోతే నడుము లోతు నీళ్లలో నడిచి వచ్చాడు. లుంగీ నీళ్లు కారుతోంది. అవతలి చీర చూశాడు. కట్టేసి ఉన్న పడవను చూశాడు. ఏమీ అడక్కుండా పడవలో దిగి ఎర్రదాని మూత విప్పి గాజు గొట్టం ముంచాడు. చార్జి ఉంటే లోపల తేలాల్సిన బుడ్డి అడుగున పడి ఉంది.

"ఎవురిచ్చినారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

"ఎవురు తీసుకున్నారు?"

పీరా తల వంచుకున్నాడు. నేను తిట్ల కోసం ఎదురుచూశాను. బావి నీళ్లు పోసినందుకే రోడ్డు మీదికి నెట్టిన మనిషి. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. మూత బిగించి గట్టెక్కి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. నేనూ ఇంకో ముగ్గురూ వెంటపడ్డాం.

వంక దగ్గర బనగానపల్లె నుంచి వచ్చిన బండల లారీ ఆగి ఉంది. సైదా సాహెబ్ అడగలేదు, చెప్పలేదు, పక్క రేకు తెరిచి బ్యాటరీ తీగలు విప్పడం మొదలుపెట్టాడు. డ్రైవరు దూకి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది? బ్యాటరీ తీస్తే నా బండి ఎట్ల లేస్తాది?"

"నీ బండిలో ఉండేది బండలు. అవి కాన్పు కావు" అన్నాడు సైదా సాహెబ్. "అవతల నా బిడ్డుంది."

డ్రైవరు చెయ్యి వదిలేశాడు. తానే పానా తెచ్చి రెండో తీగ విప్పాడు. పేరు కూడా తెలియని ఆ మనిషికి ఉన్నపాటి బుద్ధి మా కమిటీకి లేదు. గడకర్రకు తాడు కట్టి నలుగురం ఆ లారీ బ్యాటరీని మోసుకుంటూ వంక దాటాం. నా భుజం మీది బరువు చాలదనిపించింది.

పన్నెండున్నరకు ఇంజన్ లేచింది. పీరా ఎక్కబోతే సైదా సాహెబ్ అడ్డంగా చెయ్యి పెట్టాడు. "నువ్వు ఈడే ఉండు" అన్నాడు. అంతే. పడవ నీళ్లకు ఎదురు వాలి, అవతలికి చేరింది.

చీర మైమూనా కోసమే. సాయంత్రం లూదియా తిరిగొచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పింది. మగబిడ్డ. అడ్డం తిరిగాడు. ఆమె పోయేసరికి బిడ్డలో ప్రాణం లేదు. తల్లిని దక్కించగలిగింది, ఇక పిల్లలు పుట్టరు. "తొమ్మిదింటికి పోయింటే ఇద్దరూ ఉండేవాళ్లు" అంది. తువ్వాలతో తుడుచుకుని మళ్లీ అదే మాట అంది. ఆ తర్వాత చాలా నెలలు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది. నా తరఫున ఒక్క మాట కూడా ఆమె ఎవరితోనూ అనలేదు. అనకూడదు కూడా.

పీరా మైకు సెట్టు అమ్మేసి బనగానపల్లె గనుల్లో బండలు కొట్టే పనికి పోయాడు. అతని మీద కోపం పెట్టుకుందామని చూశాను, నిలవలేదు. వాన కోసం అడిగాడు, వాన వచ్చింది.

ఎర్ర బ్యాటరీని సైదా సాహెబ్ నంద్యాలకు తీసుకుపోయాడు. నాలుగు రోజులకు తిరిగి తెచ్చాడు. రేకులు మార్చి, మళ్లీ ఎర్రరంగు పూసి ఉంది. దానితోపాటు ఒక ఇనుప చట్రం. బ్యాటరీ చుట్టూ చట్రం బిగించి పడవ దూలానికి కలిపి తాళం వేశాడు. ఇంజన్ లేపడానికి ఆ తాళంతో పనిలేదు. బ్యాటరీని బయటికి తియ్యాలంటేనే తాళంచెవి కావాలి. అలవాటు కొద్దీ నేను చెయ్యి చాపాను. ఆయన నా చేతిని చూశాడు.

"ఇన్నాళ్లూ తాళంచెవి తప్పు గట్టున ఉండింది సార్" అన్నాడు. "పడవ ఎవురికి గావాల్నో వాళ్ల కాడ ఉండాల."

పడవెక్కి అవతలికి పోయి, మంచం మీద ఉన్న మైమూనా చేతిలో పెట్టి వచ్చాడు. ఆరేళ్లు, పోయేదాకా, నెల నెలా వచ్చాడు. ఇమ్మానుయేలును తిట్టేవాడు. నన్ను మాత్రం మళ్లీ ఎప్పుడూ తిట్టలేదు. సార్ అని మర్యాదగా పిలిచేవాడు. ఆ మర్యాద నాకు ఎంత గుచ్చుకునేదో రాయలేను.

ఇక అసలు సంగతి. బిడ్డ పోయిన పదిహేనో రోజున జీవరత్నం మా ఇంటికి వచ్చాడు. వాన కురిపించినందుకు దేవునికి కృతజ్ఞతా కూటం పెడుతున్నాడట. మైకువాణ్ణి శిరివెళ్ల నుంచి పిలిపించాడట. నల్ల బ్యాటరీ ఇంకా చార్జింగులో ఉందట.

"ఒక్క రోజే సార్. ఈసారి నేనే దగ్గరుండి ఆపిస్తా" అన్నాడు.

ఆయన మొహంలో ఎక్కడా కపటం లేదు. బిడ్డ పోయినందుకు నిజంగా ఏడ్చినవాడే. మట్టి వేసిన రోజు అవతలికి పోయి నిలబడినవాడే. కానీ కూటమంటే మైకు, మైకంటే బ్యాటరీ, అడిగితే లేదనకూడదు. తలలో అంతకు మించి ఏమీ లేదు. తాళంచెవి నా దగ్గర లేదని చెప్పాను.

"అయితే పోయి అడుగుదాం రా" అన్నాడు.

వెళ్లాను. ఆమె ఏమంటుందో వినాలని వెళ్లాను. ఎర్ర బ్యాటరీతోనే ఇంజన్ లేపి, ఆ బ్యాటరీని అడగడానికే ఏరు దాటాం. మైమూనా వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పాలు ఇంకడానికి రొమ్ములకు గుడ్డ బిగించి కట్టారు. తాళంచెవి నల్లతాడుతో మెడలో ఉంది. బీజాన్ మమ్మల్ని చూసి లోపలికి పోయింది.

జీవరత్నం చెప్పు విడిచి నిలబడి, మెల్లగా, మంచి మాటలతోనే అడిగాడు. దేవుడు మన మొర విన్నాడన్నాడు. ఆయనకు కృతజ్ఞత చెప్పకపోతే వచ్చే ఏడు ఎట్లా అన్నాడు. మైమూనా అంతా విన్నది. తాళంచెవి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"ఆ బ్యాటరీ వాన పడనీకి కాదన్నా. వాన పడినాంక దానికి" అంది.

జీవరత్నం చెప్పులు తొడుక్కుని పడవ వైపు నడిచాడు. కూటం మైకు లేకుండానే జరిగింది. ఆయన గొంతు వెనక వరసలకు వినబడలేదు. నేను వెనక వరసలోనే కూర్చున్నాను.

వంతెన మీద ఆయన ఒక్క ప్రాణం పోలేదని చెప్పిన రోజు, కరెంటు మైకు గట్టిగా పలికింది. అవతలి గట్టు దాకా వినబడి ఉంటుంది. మైమూనా ఇల్లు అక్కడే, మొదటి వరసలో.